నాటే ముందు నారు ఆకుల కింద నల్లి: ఆగాలా, నాటేయాలా?

తడిమట్టి
సోమవారం, ఉదయం 7:42

అందరికీ నమస్కారం. వంగ 40, టమాట 30, బంతి 18, దోస 12, మొత్తం సరిగ్గా నూరు మొక్కల నారు పెంచుతున్నాను. వంగ, టమాట, బంతికి ఇవాళ్టికి 28 రోజులు, దోసకు 15. వచ్చే ఆదివారం నాటుదామని మడులన్నీ సిద్ధం చేసుకున్నా. నిన్న చూస్తే వంగ కింది ఆకుల మీద సూదితో పొడిచినట్టు సన్నటి తెల్ల చుక్కలు. దోస మీద కూడా అక్కడక్కడ ఉన్నాయి. పోషకాలు తక్కువయ్యాయేమో అనుకుని సాయంత్రం ద్రవ ఎరువు పోశాను. తెల్లారేసరికి చుక్కలు ఇంకా పెరిగినట్టే ఉన్నాయి. ఏమిటండీ ఇది? నెల రోజుల కష్టం, టెన్షన్‌గా ఉంది.

మొలక
సోమవారం, ఉదయం 8:05

నాకూ పోయినసారి ఇలాగే వచ్చింది. మెగ్నీషియం లోపం అన్నారు. ఎప్సమ్ సాల్ట్ వేసి చూడండి.

భూతద్దం
సోమవారం, ఉదయం 8:31

ఆగండాగండి, ఏమీ వేయకండి. మెగ్నీషియం తక్కువైతే ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కుతుంది. విడివిడి చుక్కలుగా రాదు. ఇది ఏదో రసం పీల్చే పనిలా ఉంది.

ఒక తెల్ల కాగితం తీసుకుని ఆకు కింద పట్టి, ఆకును వేలితో నాలుగైదు సార్లు తట్టండి. కాగితం మీద మిరియపు పొడిలాంటి నలుసులు రాలతాయి. ఒక్క నిమిషం కదలకుండా చూడండి. వాటిలో కొన్ని నడవడం మొదలుపెడితే అది నల్లి. వేలితో నులిమితే పచ్చగానో ఎర్రగానో గీత పడుతుంది. సన్నగా పొడుగ్గా ఉండి చురుగ్గా పరిగెడితే మాత్రం తామర పురుగు. తామర పురుగు గీకిన చోట వెండి రంగు చారలు, వాటి మీద నల్లటి మలం చుక్కలు ఉంటాయి. నల్లి వల్ల చారలు రావు, చుక్కలే వస్తాయి.

తడిమట్టి
సోమవారం, ఉదయం 9:10

తట్టాను. నడుస్తున్నాయండీ! వంగ ఆకు ఒక్కదాని నుంచే పదిహేను దాకా రాలాయి. కానీ ఎర్రగా లేవు, లేత పసుపుపచ్చగా ఉన్నాయి. అయితే ఎర్రనల్లి కాదా? అసలు నల్లి అంటే మంచాల్లో ఉండేదే అనుకున్నాను ఇన్నాళ్లూ.

భూతద్దం
సోమవారం, ఉదయం 9:26

మంచంలో నల్లికి, దీనికి పేరొక్కటే చుట్టరికం. అది పురుగు, ఆరు కాళ్లు. ఇది సాలీడు వంశం. పెద్దదానికి ఎనిమిది కాళ్లు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు మాత్రం ఆరే ఉంటాయి. పేరుకు ఎర్రనల్లి గానీ ఎక్కువగా కనిపించే రకం లేతాకుపచ్చ రంగులోనే ఉంటుంది, వీపుకు రెండు పక్కలా ముదురు మచ్చలు. దాని శాస్త్రీయ నామం టెట్రానికస్ ఉర్టికే. ఆడది పొడవు అర మిల్లీమీటరు ఉంటుందంతే. పగటి వేళ తగ్గి చలి ముదిరినప్పుడు నిద్రావస్థలోకి వెళ్లే ఆడవి నారింజ ఎరుపులోకి మారతాయి.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, పురుగు మందు కొడితే పోతుందిలే అనుకునేవాళ్లు దెబ్బ తినేది ఇక్కడే. మీరు ఈ మధ్య ఏదైనా కొట్టారా?

తడిమట్టి
సోమవారం, ఉదయం 9:40

కొట్టాను... పది రోజుల కిందట తెల్లదోమ కనిపిస్తే ఒకాయన చెప్పాడని ఇమిడాక్లోప్రిడ్ ఒకసారి పిచికారీ చేశా. తప్పా?

నారుమడి
సోమవారం, ఉదయం 10:15

తమ్ముడూ, నేను నారు పెంచి ఇచ్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నువ్వు చేసిన పని నేనూ చేశాను, తిట్టను. ఇమిడాక్లోప్రిడ్ తెల్లదోమ మీద పనిచేస్తుంది, నల్లి మీద చేయదు. చేయకపోగా కొన్ని మొక్కల మీద ఆ మందు పడ్డాక నల్లి ఇంకా ఎక్కువైన సందర్భాలున్నాయి. సింథటిక్ పైరెత్రాయిడ్లు అనే రకం పురుగు మందులు ఇంకా ఘోరం. నల్లిని తినే మిత్రజీవులే వాటికి ముందు చస్తాయి, నల్లికి అడ్డుండదు. ఊరంతా కాపలా కుక్కల్ని చంపేసి దొంగ ఎందుకొచ్చాడని అడిగినట్టు ఉంటుంది.

ఆ ద్రవ ఎరువు కూడా ఆపెయ్. నత్రజని ఎక్కువైన లేతాకు మీద నల్లి తొందరగా పెరుగుతుంది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, ఆగాలా నాటాలా అన్నది. ఆగు. ట్రేలో ఉన్నప్పుడు నూరు మొక్కల ఆకులు అడుగు వైపు తడపడం అరగంట పని. నాటాక అవే మొక్కలు మూడింతలు పెరిగి గుబురయ్యాక అడుగున మందు తగిలించడం ఎవరి వల్లా కాదు. పైగా ఇప్పుడు రెండు ట్రేలలో ఉన్నది మొత్తం మడులకు పాకుతుంది.

కుండీలోకం
సోమవారం, ఉదయం 10:50

ఆదివారానికి ఇంకా ఆరు రోజులుందిగా. ఒకసారి గట్టిగా వేపనూనె కొట్టి నాటేస్తే సరిపోదా?

నారుమడి
సోమవారం, ఉదయం 11:20

సరిపోదు. గుడ్ల లెక్క చెబుతా విను. 30 డిగ్రీల దగ్గర గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పిల్లవుతుంది, వారం తిరిగేసరికి అదే గుడ్లు పెట్టే స్థితికి వస్తుంది. 20 డిగ్రీల దగ్గరైతే అంతకు రెండు వారాల పైనే పడుతుంది. ఒక్కో ఆడది బతికిన నాళ్లలో వంద దాకా గుడ్లు పెడుతుంది. మగది లేకపోయినా పెడుతుంది, అవన్నీ మగ పిల్లలవుతాయి, తర్వాత వాటితోనే కలుస్తుంది. అంటే ట్రేలో ఒక్క ఆడది మిగిలినా చాలు, కుటుంబం మళ్లీ మొదలు.

నువ్వు ఒకసారి కొడితే నడిచేవి చస్తాయి, గుడ్లలో చాలా భాగం బతుకుతాయి. దీనికి తోడు పిల్ల నుంచి పెద్ద అయ్యేలోపు మూడుసార్లు కదలకుండా పడుకుని కుబుసం విడుస్తుంది, ఆ దశలో ఉన్న వాటికీ మందు సరిగా తగలదు. అందుకే వేడిగా ఉంటే నాలుగైదు రోజులకొకసారి, మొత్తం మూడుసార్లు. ఆ ఆదివారం మర్చిపో.

ఆకుచాటు
సోమవారం, మధ్యాహ్నం 1:02

అన్న చెప్పింది నిజమే కానీ అందరూ మందు దగ్గరే మొదలుపెడుతున్నారు. ముందు కడగాలి కదా! నేను మేడ మీద తోటలో ఎప్పుడూ నీళ్లతోనే సగం పని పూర్తి చేస్తాను. పెద్ద మొక్కలైతే పైపుతో అడుగు నుంచి ధార కొడతాం. లేత నారుకు ఆ ధార తగిలితే కాడ విరుగుతుంది. అందుకని ముంచుతాను.

ముందురోజు ట్రేకు బాగా నీళ్లు పెడితే వేరుముద్ద గట్టిగా పట్టుకుని ఉంటుంది. కప్పు మీద మట్టి జారకుండా గుడ్డముక్క చుట్టి, రెండు వేళ్ల మధ్య కాడ పెట్టుకుని, మొక్కను తలకిందులు చేసి బకెట్ నీళ్లలో ఆకుల వరకు ముంచి, అటూ ఇటూ పది సార్లు ఊపాలి. చుక్కలున్న ముదురాకులు, విత్తనపు రెండాకులు గిల్లేయండి. నల్లి ఎక్కువగా మొదలయ్యేది కిందనే.

తడిమట్టి
సోమవారం, మధ్యాహ్నం 1:30

నూరు మొక్కలూనా అక్కా?

ఆకుచాటు
సోమవారం, మధ్యాహ్నం 1:33

నూరూ. పాటలు పెట్టుకో.

మొలక
సోమవారం, సాయంత్రం 5:48

ఎప్సమ్ సాల్ట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను 🙏 పోయినసారి నావి కూడా నల్లి వల్లే పోయాయేమో, ఇప్పుడు అర్థమవుతోంది. ఒక సందేహం. నల్లికి తేమ పడదు అంటారు కదా, రోజూ నాలుగుసార్లు నీళ్లు చిలకరిస్తే చాలదా?

భూతద్దం
సోమవారం, సాయంత్రం 6:20

పొడి గాలి, వేడి ఉంటే నల్లికి పండగ అన్నది నిజం. తేమ వల్ల దాని వేగం కొంత తగ్గుతుంది, చావదు. నారు దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. రోజంతా ఆకులు, మట్టి తడిగా ఉంటే నారుకుళ్లు తెగులు వచ్చి కాడ మొదట్లో కుళ్లి మొక్కలు వరసగా పడిపోతాయి. నల్లి మెల్లిగా చంపుతుంది, నారుకుళ్లు రాత్రికి రాత్రే.

ఎదురుగా ఇంకో తప్పు కూడా ఉంది. నాటే ముందు మొక్క గట్టిపడాలని నీళ్లు తగ్గిస్తాం కదా, నల్లి ఉన్న నారుకు ఆ పని ఇప్పుడు చేయకండి. దాహంతో ఉన్న మొక్క మీద అది ఇంకా రెచ్చిపోతుంది. అది ఆకు కణాల్లోకి సూదిలాంటి నోరు దించి నిమిషానికి ఇరవై కణాల వరకు ఖాళీ చేస్తుంది. మీరు చూసిన తెల్ల చుక్కలు అవే, పచ్చదనం పీల్చేసిన కణాల గుంపులు. ఆ చుక్కలు మళ్లీ పచ్చబడవు. కాబట్టి మందు పనిచేసిందా లేదా అన్నది పాత ఆకు చూసి తేల్చుకోకండి, కొత్తగా వచ్చే ఆకు చూడండి.

పందిరి
సోమవారం, రాత్రి 8:15

నాకు తెలిసిన సులువైన పద్ధతి: గిన్నెలు కడిగే ద్రవం లీటరు నీళ్లకు రెండు మూతలు. ఒక్క దెబ్బకు పోతాయి.

ఆకుచాటు
సోమవారం, రాత్రి 8:24

దయచేసి ఎవరూ అలా చేయకండి! పోయిన ఏడాది నేను అదే చేసి దోస మొక్కలన్నీ కాల్చుకున్నాను. మర్నాడు ఆకుల అంచులు కాగితంలా ఎండిపోయాయి. అది సబ్బు కాదు, డిటర్జెంట్. జిడ్డు తీయడానికే చేసింది, ఆకు మీదున్న మైనపు పొరను కూడా తీసేస్తుంది.

పందిరి
సోమవారం, రాత్రి 8:40

మా వంగకు ఏమీ కాలేదే. మోతాదు ఎక్కువ వేసి ఉంటారు మీరు.

ఆకుచాటు
సోమవారం, రాత్రి 8:44

ముదిరిన వంగ మొక్క, పదిహేను రోజుల దోస ఒకటేనా అండీ?

నారుమడి
సోమవారం, రాత్రి 9:05

ఇద్దరూ ఆగండి. పందిరి గారి ముదురు మొక్కకు ఏమీ కాకపోయి ఉండవచ్చు, కానీ మూత అనేది కొలత కాదు, ఒక్కో సీసాకు ఒక్కో మూత. మొక్కల కోసమే చేసిన పొటాషియం సబ్బు దొరుకుతుంది. సాధారణంగా 1 నుంచి 2 శాతం, అంటే లీటరుకు 10 నుంచి 20 మి.లీ. లేత నారుకు తక్కువతో మొదలుపెట్టాలి. సీసా మీద వేరే మోతాదు ఉంటే అదే పాటించు.

తమ్ముడూ, సబ్బు నీళ్లు తడిగా ఉన్నంతసేపే నల్లిని చంపుతాయి. ఆరిపోయాక ఏమీ ఉండదు. అందుకని తెల్లవారుజామున, ఎండ రాకముందు, ఫ్యాన్ ఆపి కొట్టు. ఒక అరగంట తడి నిలవాలి. తర్వాత ఫ్యాన్ వేసి ఆరబెట్టు, నారుకుళ్లు భయం ఉండదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో, వాడిపోయి ఉన్న మొక్క మీద కొట్టకు. నీళ్లు ఉప్పగా గట్టిగా ఉంటే సబ్బు విరిగి తెట్టె కడుతుంది, వాన నీళ్లో మెత్తటి నీళ్లో వాడు. ముందు ప్రతి రకంలో రెండు మొక్కల మీద కొట్టి ఒకటి రెండు రోజులు చూడు. దోస విషయంలో ఇది మాత్రం వదలకు.

కుండీలోకం
సోమవారం, రాత్రి 9:30

మరి వేపనూనె? గంధకం?

నారుమడి
సోమవారం, రాత్రి 9:52

వేపనూనె రెండోసారికి ఉంచుకోవచ్చు. లీటరుకు 3 నుంచి 5 మి.లీ., ముందు ఆ నూనెను ఒక మి.లీ. సబ్బుతో గోరువెచ్చటి నీళ్లలో కలిపి పాలలా అయ్యాక మిగతా నీళ్లు పొయ్యాలి. నూనె తేలితే కొట్టకు, ఆకు మాడుతుంది. సబ్బు గుడ్డును పెద్దగా ఏమీ చేయలేదు. నూనె గుడ్డు మీద పొరలా పట్టి ఊపిరాడకుండా చేస్తుంది, అదీ దాని లాభం.

గంధకం నల్లికి మంచి పాత మందే, కాదనను. కానీ దోస జాతి ఆకులు దానికి మాడతాయి, వేడిలో మిగతావీ మాడతాయి. పైగా నూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం, గంధకం కొట్టిన రెండు వారాల్లోపు నూనె ఎప్పుడూ వద్దు. ఈ నారుకు రెంటిలో ఒకటే, నా ఓటు నూనెకు.

తడిమట్టి
బుధవారం, ఉదయం 9:15

రెండు రోజుల కథ. పరీక్షగా కొట్టిన మొక్కలకు ఏమీ కాలేదు, దోసతో సహా. ఇవాళ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి అన్నీ ముంచి, తర్వాత లీటరుకు 10 మి.లీ. సబ్బు కలిపి ఆకుల అడుగున కొట్టాను. ముంచేటప్పుడు గుడ్డ జారి ఒక టమాట వేరుముద్దతో సహా బకెట్‌లో పడింది, కాడ రెండు ముక్కలు.

ఏడు వంగ మొక్కల చిగుళ్ల దగ్గర సన్నటి బూజులాంటి దారాలు ఉన్నాయి. వాటికీ ఇదే వైద్యమా?

భూతద్దం
బుధవారం, ఉదయం 9:34

వాటికి వైద్యం వద్దు, తీసేయండి. గూడు చిగురు దాకా వచ్చిందంటే ఆ మొక్క మీద జాగా నిండిపోయింది, పక్కకు పోవడానికి పైకి చేరుతున్నాయి. దారం పట్టుకుని గాలికి కూడా ఎగురుతాయి. అక్కడే నిలబడి పీకకండి, ముందు మొక్క మీద సంచి బోర్లించి, లోపలే తీసి, మూతి గట్టిగా కట్టి ఎండలో పెట్టండి. ఎరువు కుప్పలో వేయకండి.

తడిమట్టి
బుధవారం, ఉదయం 9:50

ఏడూ పోయాయి. రెండు దోస మొక్కలు కూడా బాగా చెడ్డాయని వాటితో పాటే వేశాను. మనసు ఒప్పుకోలేదు గానీ.

పందిరి
బుధవారం, ఉదయం 11:10

డిటర్జెంట్ సంగతి సరే, ఓడిపోయాను. కానీ దోస గురించి మాత్రం నా మాట వినండి. పందిళ్లు వేసి పెంచే వాణ్ని. వంగ, టమాట ఇంకో పది రోజులు ట్రేలో ఉన్నా ఏమీ కాదు. దోస అలా కాదు, వేరు చుట్టుకుపోతే ఇక కోలుకోదు, కదిపితే అలుగుతుంది. మిగిలిన పదీ తీసేసి, నేలలోనే నేరుగా గింజ వేయండి. పోయేది పదిహేను రోజులే.

తడిమట్టి
బుధవారం, ఉదయం 11:25

అన్నా, పది మొక్కలూ తీసేయడం నా వల్ల కాదు. నాలుగు గింజలు మాత్రం నేలలో వేస్తాను, చూద్దాం.

కుండీలోకం
గురువారం, సాయంత్రం 6:40

ఇంత శ్రమ ఎందుకు, నల్లి మందు ఒకటి కొట్టేయొచ్చుగా అని అనిపిస్తోంది. అబామెక్టిన్ మంచిదంటారు.

నారుమడి
గురువారం, రాత్రి 8:30

వేల మొక్కలుంటే నేనూ వాడతాను. నూరు మొక్కలకు అవసరం లేదు. వాడేవాళ్లు ఒకటి చూసుకోండి, పనిచేసే తీరును బట్టి ఒక్కో మందుకు ఒక గ్రూపు నంబరు ఉంటుంది. అబామెక్టిన్ 6, స్పైరోమెసిఫెన్ 23. ఒకసారి 6 కొడితే రెండోసారి అదే గ్రూపు కొట్టకూడదు, పేరు మారినా సరే. నల్లి అంత త్వరగా మందులకు అలవాటు పడే జీవి మరొకటి అరుదు. స్పైరోమెసిఫెన్ గుడ్లు, పిల్లల మీద బాగా పనిచేస్తుంది, పెద్దవాటి మీద నెమ్మది. అబామెక్టిన్ తేనెటీగలకు విషం. మీ పంటకు ఆ మందు అనుమతి ఉందా అన్నది లేబుల్‌లో చూడకుండా తాకకండి.

భూతద్దం
గురువారం, రాత్రి 9:02

మూసి ఉన్న నారు గది ఉన్నవాళ్లకు ఇంకో దారి, నల్లిని తినే నల్లి. ఫైటోసీలస్ పర్సిమిలిస్ అనేది నారింజ రంగులో నిగనిగలాడుతూ ఉంటుంది, మన నల్లి కంటే వేగంగా పరిగెత్తుతుంది. రోజుకు పెద్దవైతే ఐదు, గుడ్లు పిల్లలైతే ఇరవై దాకా తింటుంది. చిలీ నుంచి వచ్చిన ఆర్కిడ్ మొక్కలతో పాటు 1958లో జర్మనీలో బయటపడింది, అప్పటి నుంచి గ్రీన్‌హౌస్‌లలో పెంచి వదులుతున్నారు. దానికి గాలిలో తేమ 60 శాతం పైన కావాలి, లేకపోతే దాని గుడ్లే పొదగవు. మందు అవశేషాలున్న ఆకు మీద బతకదు. కాబట్టి తడిమట్టి గారికి ఇప్పుడు కుదరదు, తెలుసుకోవడానికి చెబుతున్నా.

తడిమట్టి
ఆదివారం, ఉదయం 8:20

నాటాల్సిన రోజు ఇవాళే, రెండో విడతగా వేపనూనె కొడుతూ గడిచింది. తట్టి చూస్తే వంగ మీద మొక్కకు ఒకటి రెండు. కాగితం మీద తెల్లటి పొట్టులాంటివి చాలా రాలుతున్నాయి, కదలవు. చచ్చినవేనా?

భూతద్దం
ఆదివారం, ఉదయం 8:41

కుబుసాలు. లెక్కలోకి రావు. కదిలేవి, గుండ్రటి గుడ్లు, ఇవే లెక్క.

ఆకుచాటు
ఆదివారం, ఉదయం 10:05

తమ్ముడూ, ఒకటి అడగడం మర్చిపోయాం అందరం. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? విత్తనంతో రావు. చుట్టుపక్కల పాత మొక్కలేమైనా ఉన్నాయా? నారు దగ్గరికి వెళ్లే ముందు ఏ మొక్క ముట్టుకుంటావు?

తడిమట్టి
ఆదివారం, ఉదయం 11:47

అక్కా... కిటికీ దగ్గర గులాబీ కుండీ ఉంది. రోజూ పొద్దున్నే దాని ఎండిన ఆకులు తీసి, అదే చేత్తో నారుకు నీళ్లు పెడతాను. మీరు అడిగాక ఆకు తిప్పి చూశాను. అడుగంతా గూడు! ఆకులు రాలుతుంటే ముసలిదైందని అనుకుంటూ వచ్చా.

పందిరి
ఆదివారం, మధ్యాహ్నం 12:15

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. మీరు పట్టుకున్న ఆకులోనే ఉంది అసలు సంగతి 😄

నారుమడి
ఆదివారం, మధ్యాహ్నం 12:50

గులాబీని గట్టిగా కత్తిరించి, బయటికి మార్చి, దానికీ అదే వైద్యం చెయ్. ఇక నుంచి పొద్దున ముందు నారు, తర్వాతే గులాబీ. చొక్కా మీద కూడా వస్తాయి. మడుల చుట్టూ కలుపు ఉంటే ఈ వారంలోనే తీసెయ్, కలుపు మీద కూడా బతుకుతాయి. అయితే నాటే రోజు తీయకు, తిండి లేక అవన్నీ నీ కొత్త మొక్కల మీదికే వస్తాయి.

తడిమట్టి
తొమ్మిది రోజుల తర్వాత, మంగళవారం, సాయంత్రం 6:30

గురువారం మూడో విడత సబ్బుతో అయింది. శనివారం, నిన్న రెండుసార్లు ప్రతి ట్రేలో పది మొక్కలు తట్టి చూశాను, ఒక్కటి కూడా నడవలేదు. భూతద్దంతో చూస్తే గుడ్లు లేవు, కొత్త ఆకుల మీద చుక్కలు లేవు. ఇవాళ సాయంత్రం నాటేశాను. వంగ 33, టమాట 29, బంతి 18, దోస 10. నూరులో తొంభై నిలిచాయి.

నారుమడి
మంగళవారం, రాత్రి 8:10

బాగుంది. నాటిన వారం నీళ్లు తగ్గకుండా చూసుకో. మూడు రోజులకోసారి అంచు వరసల్లో నాలుగు ఆకులు తిప్పి చూడు, అదీ ఎక్కువగా వంగ మీద.

తడిమట్టి
మూడు వారాల తర్వాత, శనివారం, ఉదయం 7:55

అడిగేవాళ్లున్నారని రాస్తున్నా. వంగలో ఒక్క మొక్క మీద రెండు ఆకుల్లో చుక్కలు కనిపిస్తే గిల్లేశాను, మళ్లీ రాలేదు. గులాబీ చిగురేసింది. పందిరి అన్నా, మీ మాటే నెగ్గింది. నేలలో వేసిన నాలుగు గింజల్లో మూడు మొలిచి, ఇప్పటికే ట్రే దోసల కంటే జానెడు ముందున్నాయి. పాత పదింటిలో ఆరు ఇంకా నాటిన ఎత్తులోనే ఉన్నాయి.

పందిరి
శనివారం, ఉదయం 8:30

ఆ ఆరు తీసేస్తారా, ఇప్పుడు కూడా మనసు ఒప్పుకోదా?

తడిమట్టి
శనివారం, ఉదయం 8:34

ఇంకో వారం చూస్తానన్నా.